ఎవరూ అడగని సుజుకీ మదురా 1200: కొనేముందు ఏం చూడాలి, పోటీ బళ్లతో పోలిస్తే ఎక్కడ నిలుస్తుంది

1985లో షోరూముల్లో ఒకేసారి నాలుగు రాక్షసుల్లాంటి క్రూయిజర్లు ఉన్నాయి. యమహా వి-మ్యాక్స్, హోండా వి65 మ్యాగ్నా, కవాసకీ ఎలిమినేటర్ 900, సుజుకీ మదురా 1200. మొదటి దాన్ని ఇవాళ్టికీ జనం కలవరిస్తారు, రెండోది తెలిసినవాళ్లు ఇష్టంగా దాచుకుంటారు, మూడోదానికి చిన్నదైనా గట్టి అభిమాన బృందం ఉంది. నాలుగోదాని పేరు చెబితే మాత్రం బైకుల గురించి రోజంతా మాట్లాడేవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తారు. రెండే రెండు సంవత్సరాలు, 1985, 86, అదీ అమెరికా, కెనడాల్లోనే అమ్మారు. తర్వాత ఆపేశారు, కొత్త మోడల్ కూడా రాలేదు.

నాకు ఆ బండి అంటే ప్రాణం. ఇంజిన్ పక్కన నిలబడి వింటే ఎందుకో మీకే తెలుస్తుంది. కానీ ఇష్టం వేరు, కొనడం వేరు. ఇలాంటి జనానికి పట్టని పాత బండి కొనేటప్పుడు అందరూ చూసే విషయాలు కాకుండా వేరేవి చూడాలి. అది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను కాబట్టి ముందు ఆ సంగతే చెప్తాను.

మొదటిసారి నా ముందు రెండు మదురాలు ఉన్నాయి. ఒకటి మెరిసిపోతూ ఉంది, సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అయింది, చక్కగా నడిచింది. సీటు కింద ఒక సైడ్ కవర్ లేదు, రేడియేటర్ పక్కన ఉండాల్సిన ప్లాస్టిక్ ముక్క లేదు, ఎడమవైపు మీటర్ అద్దం పగిలి ఉంది. అమ్మేవాడు "అవి ఎక్కడైనా దొరుకుతాయి" అన్నాడు. రెండోది ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉంది, ఇంజిన్ తిరగడం లేదు, ట్యాంకులో తుప్పు, టైర్లు పగుళ్లు. కానీ మొదటి రోజు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్రతి ముక్కా దాని మీదే ఉంది, టూల్ కిట్‌తో సహా. నేను నడిచే బండి కొన్నాను. ఏడాది పైన గడిచినా ఆ సైడ్ కవర్ దొరకలేదు. దొరికింది అనుకున్న ఒకటి 700 మోడల్‌ది అని తేలింది, కూర్చోలేదు. చివరికి దాన్ని అమ్మేసి, ఆ రెండో బండినే వెతుక్కుంటూ వెళ్లి తెచ్చుకున్నాను. నాలుగు వారాంతాల పనితో ఇంజిన్ స్టార్ట్ అయి నడిచింది.

అంటే ఇక్కడ లెక్క తలకిందులు. వి-మ్యాక్స్ 1985 నుంచి 2007 దాకా పెద్దగా మారకుండా వచ్చింది, దానికి ఏ ముక్క పోయినా ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉంటుంది. కాబట్టి వి-మ్యాక్స్ కొనేవాడు ఇంజిన్ బాగుందా లేదా అని చూస్తే చాలు. మదురాకి ఇంజిన్ పాడైతే బాగు చేసుకోవచ్చు, బేరింగులు, సీళ్లు, ఓ-రింగులు కొలతల్ని బట్టి బయట దొరుకుతాయి, కానీ పోయిన క్రోమ్ కవర్‌నీ, మీటర్‌నీ, సైలెన్సర్‌నీ ఎక్కడి నుంచి తెస్తారు? చూడ్డానికి వెళ్లినప్పుడు పాడైన వాటి జాబితా కంటే ముందు లేనివాటి జాబితా రాయండి. ఫ్యాక్టరీ పార్టుల పుస్తకం బొమ్మలు ఫోన్‌లో పెట్టుకుని, ఒక్కో పేజీ తిప్పుతూ, బండి చుట్టూ తిరిగి చూడండి. గంట పడుతుంది. ఆ గంట ఇవ్వడానికి అమ్మేవాళ్లు విసుక్కుంటే వేరే బండి చూసుకోండి.

అసలు ఈ బండి ఎందుకు పోయింది?

మంచి బండి కాదు కాబట్టి అమ్ముడుపోలేదు అనుకుంటే పొరపాటు. 1983 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం 700 సీసీ దాటిన దిగుమతి మోటార్‌సైకిళ్ల మీద సుంకం 4.4 శాతం నుంచి ఒక్కసారిగా 49.4 శాతానికి పెంచింది. హార్లీ-డేవిడ్‌సన్ కష్టాల్లో ఉండి కోరిన రక్షణ అది. ఏడాదికేడాది తగ్గుతూ ఐదేళ్లు ఉండాల్సిన ఏర్పాటు, 1987లో హార్లీయే ఇక అక్కర్లేదు అనడంతో ముందే ముగిసింది. మధ్యలో జపాన్ కంపెనీలన్నీ 750 బళ్లని 700కి కోసేశాయి. మ్యాగ్నా 750 కాస్తా 700 అయింది. మదురాకి కూడా 700 తమ్ముడు వచ్చింది అందుకే, 698 సీసీ. దిగుమతయ్యే పెద్ద బళ్లకి మాత్రం తప్పించుకునే దారి లేదు, సుంకం భారం ధర మీద పడింది. అంత డబ్బు పెట్టేవాడు నాలుగింటిలో ఒక్కటే కొంటాడు కదా, అప్పుడు చూపు ఎటు పోతుంది? వి-మ్యాక్స్ రెండు పక్కలా ఆ గాలి గూళ్లు, కండలు తిరిగిన ఆకారం. పక్కనే మదురా, మెట్టు సీటు, ఎత్తు హ్యాండిల్, క్రోమ్, మామూలు క్రూయిజర్‌లా కనిపిస్తుంది. లోపల ఏముందో బయటికి చెప్పని బండి అది.

లోపల ఉన్నది 1165 సీసీ వి4, అంటే వి ఆకారంలో రెండు వరుసలుగా నాలుగు సిలిండర్లు. వాటర్ కూలింగ్, ప్రతి వరుసకీ రెండేసి క్యామ్‌షాఫ్టులు, సిలిండర్‌కి నాలుగు వాల్వులు. వాల్వ్ క్లియరెన్స్‌ని, అంటే వాల్వుల దగ్గరి సన్నటి సందుని, నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ అడ్జస్టర్లు తమంతట తామే సరిచేసుకుంటాయి. అంటే ఆ సందు కొలిచే ఫీలర్ గేజీ పట్టుకుని పదహారు వాల్వుల దగ్గర మోకాళ్ల మీద కూర్చునే పని జీవితంలో లేదు. క్లచ్చు హైడ్రాలిక్, వెనక చక్రాన్ని తిప్పేది చెయిన్ కాదు, షాఫ్ట్ అనే తిరిగే ఇనప కడ్డీ. ఇంతటి బండిని ఇంత తక్కువ చాకిరీతో నడిపించే ఇంజిన్ ఆ నాలుగింటిలో ఇంకోటి లేదు అన్నది నా గట్టి అభిప్రాయం. లోపం ఎక్కడంటే ఫ్రేములో. ఇంజిన్ ఇచ్చే బలానికి ఫ్రేము, ఫోర్కులు సరితూగవు, పొడుగు వంపులో గట్టిగా పోతే బండి మధ్యలో కొంచెం ఊగుతుంది. నిజానికి ఆ కాలంలో ఈ తరహా బళ్లన్నిటిదీ ఇదే జబ్బు, వి-మ్యాక్స్‌ది మరీ పేరుమోసిన జబ్బు. కాకపోతే దానికి జనం క్షమించారు.

పోటీ బళ్ల సంగతి

వి-మ్యాక్స్ 1198 సీసీ, సిలిండర్ వరుసల మధ్య 70 డిగ్రీల కోణం ఉన్న వి4, వెంచర్ అనే టూరింగ్ బండి నుంచి తీసుకున్న ఇంజిన్. కంపెనీ చెప్పిన బలం 145 హార్స్‌పవర్. దాని ప్రత్యేకత వి-బూస్ట్. ఇన్‌టేక్ గొట్టాల జతల మధ్య ఉన్న సీతాకోక వాల్వులు సుమారు 6000 ఆర్‌పీఎం దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టి, ఒక్కో సిలిండర్ రెండేసి కార్బురేటర్ల నుంచి పీల్చేలా చేస్తాయి. ఆ క్షణం వెనక నుంచి ఎవరో తోసినట్టు ఉంటుంది, అది అనుభవించినవాళ్లు మరిచిపోరు. కొన్ని దేశాలకి వెళ్లిన బళ్లలో వి-బూస్ట్ లేదు, కాబట్టి దిగుమతైన పాత బండి చూస్తుంటే ఉందా లేదా అడగండి. 1993 నుంచి ఫోర్కులు లావయ్యాయి, 40 నుంచి 43 మిల్లీమీటర్లకి, ముందు బ్రేకులు కూడా మెరుగయ్యాయి. రోజూ నడపడానికి కొనేవాళ్లు ఆ తర్వాతివి చూసుకోవడం మంచిది. భయం ఒకటే: ఈ బండి కొన్నవాళ్లలో చాలామంది సిగ్నల్ దగ్గర పందేలకి కొన్నారు. రెండో గేరులో గట్టిగా లాగి చూడండి, గేరు జారి న్యూట్రల్‌లోకి దూకుతుంటే ఇంజిన్ విప్పాల్సిందే.

వి65 మ్యాగ్నా 1983 నుంచి 86 దాకా వచ్చింది. 1098 సీసీ, 90 డిగ్రీల వి4, ఆరు గేర్లు, షాఫ్ట్. మొదటిసారి ఇలాంటి పాత బండి కొంటున్నవాళ్లు అడిగితే నేను మదురా పేరు చెప్పను, ఇదే చెప్తాను. సేబర్ అనే అన్న ఉన్నాడు కాబట్టి ఇంజిన్ పార్టులు రెండు చోట్ల నుంచి వస్తాయి, తెలిసిన మెకానిక్కులు ఉన్నారు, 90 డిగ్రీల కోణం వల్ల వైబ్రేషన్ చాలా తక్కువ. హోండా మొదటి తరం వి4లకి క్యామ్‌షాఫ్ట్ అరుగుదల అనే చెడ్డపేరు ఉంది, 750ల్లో ఎక్కువ, వీటిలో తక్కువ. వాల్వ్ కవర్ తీయించి టార్చి వేసి క్యామ్ ముక్కుల్ని చూడండి. అద్దంలా నున్నగా ఉంటే సరే. చిన్న చిన్న గుంటలు పడి, సూదితో గుచ్చినట్టు ఉంటే ధర మాట మానేసి వెనక్కి రండి.

ఎలిమినేటర్ 900 నాకు చూడ్డానికి అన్నిటికన్నా ఇష్టం. జీపీజెడ్ 900ఆర్ నుంచి తెచ్చిన 908 సీసీ ఇన్‌లైన్ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ని డ్రాగ్ రేసు బండి ఆకారంలో కూర్చోబెట్టి, షాఫ్ట్ పెట్టి, వెనక వెడల్పాటి 15 అంగుళాల చక్రం వేశారు. ఇదీ 1985, 86 బండే, 1987లో దీని స్థానంలో 1000 వచ్చింది. మదురాలాగే ఇది కూడా పెద్దగా అమ్ముడుపోలేదు, కానీ ఒక్క తేడా దీన్ని బతికించింది. జీపీజెడ్ 900ఆర్ 2003 దాకా తయారైంది కాబట్టి ఇంజిన్ లోపలి పార్టులు చాలావరకు దొరుకుతాయి. బాడీ పార్టులు, సైలెన్సర్లు మాత్రం మదురా కష్టాలే. ట్యాంకు చిన్నది, దూరాలు పోయేవాళ్లకి ఇబ్బంది.

మరి ఎవరు ఏది కొనాలి? పందెం కావాలి, పార్టుల టెన్షన్ వద్దు అంటే వి-మ్యాక్స్. నమ్మకంగా నడపాలి అంటే మ్యాగ్నా. గ్యారేజీలో నిలబెట్టి చూసుకుంటూ వారాంతాల్లో తీయాలి అంటే ఎలిమినేటర్. మదురా ఎవరికంటే, పొద్దంతా నడిపినా చేతులు నొప్పి పుట్టని ఇంజిన్ కావాలి, పార్టు కోసం ఆర్నెల్లు ఆగే ఓపిక ఉంది, మొత్తం ముక్కలన్నీ ఉన్న బండి కళ్ల ముందు దొరికింది అనుకున్నవాళ్లకి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా వద్దు. నేను అభిమానిని అయ్యుండి చెప్తున్న మాట ఇది.

చూడ్డానికి వెళ్లినప్పుడు

ముందే ఫోన్ చేసి ఇంజిన్ వేడి చేయొద్దని చెప్పండి. వెళ్లగానే సిలిండర్ మీద చెయ్యి పెట్టండి, గోరువెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యే తీరు చూస్తే కార్బురేటర్ల ఆరోగ్యం సగం తెలిసిపోతుంది. చోక్ వేస్తే నిలబడి, చోక్ తీయగానే ఆగిపోతుంటే లోపల స్లో రన్నింగ్‌కి పెట్రోలు ఇచ్చే సన్నటి పైలట్ జెట్టులు మూసుకుపోయాయని అర్థం, అది బాగయ్యే జబ్బే.

స్టార్ట్ అయిన మొదటి నిమిషంలో పైనుంచి టకటకమని శబ్దం వస్తే కంగారు పడొద్దు. హైడ్రాలిక్ అడ్జస్టర్లలోకి నూనె ఎక్కేదాకా అలాగే ఉంటుంది, చాలాకాలం నిలిచిపోయిన బండికి ఇంకొంచెం ఎక్కువసేపు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక కూడా అదే టకటక ఒకేచోట నుంచి ఆగకుండా వస్తుంటే అప్పుడు ఆలోచించాలి. చాలాసార్లు పాత మురికి నూనె అడ్జస్టర్‌ని పట్టేసి ఉంటుంది, ఒకటి రెండుసార్లు నూనె మారిస్తే వదులుతుంది, కానీ అమ్మేవాళ్లు ఆ మాట చెప్పి ఒప్పించబోతే బేరం దగ్గర మాత్రం అది చెడిపోయినట్టే లెక్క వేసుకోండి. కింద నుంచి బరువుగా, యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా పెరిగే ధడధడ అయితే అది బేరింగుల సంగతి, అక్కడితో ఆపేయండి.

రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తీసి చూడాలి. నీళ్లు తుప్పు రంగులో ఉంటే నిర్లక్ష్యం, నూనె తెట్టు తేలుతుంటే హెడ్ గాస్కెట్ అనుమానం. వాటర్ పంపు కింద చిన్న కన్నం ఉంటుంది, అక్కడ నుంచి పచ్చటి జాడ కారి ఎండిపోయి ఉంటే సీలు పోయింది. బండిని నిలబెట్టి అలాగే స్లో రన్నింగ్‌లో వదిలేయండి, ఫ్యాన్ దానంతట అది తిరగాలి. ఫ్యాన్ తిరిగేదాకా ఓపిక పట్టనివాళ్లు ఆ తర్వాత మొదటి ట్రాఫిక్‌లోనే ఇంజిన్ వేడెక్కించుకుంటారు.

ఇంజిన్ నూనె డిప్‌స్టిక్ మీదో, నూనె మూత దగ్గరో వాసన చూడండి. పెట్రోలు వాసన కొడితే కార్బురేటర్‌లో పెట్రోలుని ఆపే ఫ్లోట్ నీడిల్ కారుతోంది. అది నూనెని పలచబరచడమే నష్టం, దానికి తోడు పెట్రోలు ఏ సిలిండర్‌లోనో నిండిపోయి ఉండగా సెల్ఫ్ కొడితే పిస్టన్ పైకి రావడానికి చోటుండదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. చాలా ఏళ్లు నిలిచిన బండికి ప్లగ్గులు తీయకుండా సెల్ఫ్ కొట్టనివ్వకండి, ఎంత బతిమాలినా సరే.

ముందు చక్రాన్ని నేల మీద నుంచి లేపి హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పండి. మధ్యలోకి రాగానే గుంటలో పడ్డట్టు ఆగితే స్టీరింగ్ బేరింగులు పోయాయి. వెనక చక్రం లేపి, దాన్ని పట్టుకుని ఉండే స్వింగ్‌ఆర్మ్‌ని పక్కకి లాగి చూడండి, కొంచెం కూడా ఆట ఉండకూడదు. మదురా ఊగుతుంది అని చెప్పేవాళ్లలో సగంమంది నడిపింది ఈ రెండు బేరింగులూ అరిగిన బండి అని నా అనుమానం. నా బండికి రెండూ మార్చి, ఫోర్కు నూనె కొత్తది పోసి, సరైన సైజు కొత్త టైర్లు వేశాక వచ్చిన మార్పు చూసి నేనే నమ్మలేకపోయాను.

టైరు పక్కన ఓవల్ గడిలో నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ట్రెడ్ ఎంత మిగిలి ఉన్నా పాతబడిన టైరుని కొనే ధరలోంచి తీసేయండి. షాఫ్ట్ చూడ్డానికి గేరులో పెట్టి వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఆడించండి. కొద్దిపాటి టక్కు సహజం, చేతికి పొడుగ్గా తగిలితే కాదు. వీలైతే వెనక చక్రం దగ్గరుండే గేర్ పెట్టె నూనె కొంచెం తీయించండి. అందులో వెండి పొడి లాంటిది మామూలే, ముక్కలు కనిపించకూడదు.

చివరిగా కాగితాలు. స్టీరింగ్ మెడ మీద కొట్టిన వీఐఎన్ (ఛాసిస్) నంబరు, బండి ఎవరిదో చెప్పే టైటిల్ కాగితం మీద నంబరు ఒక్కో అంకె సరిపోల్చండి. షెడ్డుల్లో పడి ఉన్న బళ్లలో చాలావాటికి టైటిల్ ఉండదు, "తర్వాత తెప్పించుకోవచ్చు" అన్న మాట మీద డబ్బు ఇవ్వొద్దు.

ఇంటికి తెచ్చాక, వరుసగా

తెచ్చిన రోజే స్టార్ట్ చేయాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ నూనె పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు క్రాంక్‌షాఫ్ట్ చివర స్పానర్ పెట్టి ఇంజిన్ తిరిగే దిశలోనే చేత్తో మెల్లగా తిప్పండి. ఎక్కడైనా ఆగితే బలం పెట్టకుండా ఇంకో రోజు నాననివ్వండి. నా బండికి మూడు రోజులు పట్టింది, మూడో రోజు సాయంత్రం స్పానర్ వేలెడంత కదిలినప్పుడు నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. తిరిగాక పాత నూనె, ఫిల్టర్ మార్చండి. కొత్త నూనె మోటార్‌సైకిళ్లదే, డబ్బా మీద జేఏఎస్ఓ ఎంఏ అని ఉండాలి. కార్ల కోసం ఘర్షణ తగ్గించే మందులు కలిపిన నూనె పోస్తే నూనెలో మునిగి ఉండే క్లచ్చు ప్లేట్లు జారతాయి. ఇంకా ప్లగ్గులు వేయకుండానే సెల్ఫ్ కొట్టి నూనెని పైదాకా ఎక్కనివ్వండి. హైడ్రాలిక్ అడ్జస్టర్లు ఉన్న ఇంజిన్‌కి ఈ పని తప్పనిసరి అని నేను అనుకుంటాను.

తర్వాత కార్బురేటర్లు. నాలుగూ రెండు సిలిండర్ వరుసల మధ్య గూట్లో కూర్చుని ఉంటాయి, చెయ్యి పట్టదు. పట్టుకుని ఉన్న రబ్బరు బూట్లు ఏళ్లకి చెక్కలా గట్టిపడి ఉంటాయి, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే చీలిపోతాయి, మళ్లీ దొరకవు. జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో ఒక్కోదాన్నీ బాగా వేడి చేస్తే మెత్తబడి వదులుతాయి. నాలుగు కార్బురేటర్లనీ ఒకదాని నుంచి ఒకటి విడదీయకుండా, ఒకే బ్లాకుగా బయటికి తీయండి. విడదీస్తే మధ్య పెట్రోలు గొట్టాల ఓ-రింగులు కూడా మార్చాల్సి వస్తుంది.

అడుగు గిన్నె విప్పగానే పాత పెట్రోలు వార్నిష్‌లా అంటుకుని, ఘాటుగా పుల్లటి వాసన కొడుతుంది. అసలు శత్రువు పైలట్ జెట్టు. ఇత్తడి ముక్క, అందులో కన్నం కంటికి ఆనుతుందా లేదా అన్నంత సన్నం. జెట్టు కరెక్టుగా సరిపోయే స్క్రూడ్రైవర్‌తోనే విప్పాలి, లేకపోతే తల అరిగి లోపలే ఉండిపోతుంది. కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి, కరెంటు వైరులోంచి తీసిన ఒకే ఒక్క రాగి పోగుని దూర్చి, బల్బు వైపు పెట్టి చూడండి. గుండ్రటి వెలుగు చుక్క స్పష్టంగా కనబడాలి. మసకగా, ఒక పక్క కొరికినట్టు కనబడితే ఇంకా అయిపోలేదు. ఉక్కు తీగ వాడొద్దు, అది ఇత్తడిని గీకి కన్నం పెద్దది చేస్తుంది, తర్వాత ఆ సిలిండర్ ఎప్పటికీ మిగతా మూడింటితో కలవదు. పైన స్లైడుకి అంటుకుని పల్చటి రబ్బరు డయాఫ్రం ఉంటుంది, దానికి క్లీనర్ తగలనివ్వకండి, ఉబ్బిపోతుంది. అది కూడా వెలుతురుకి పట్టి చూడాలి, ఈసారి వెలుగు కనబడకూడదు. అంతా బిగించాక వాక్యూమ్ గేజీలు పెట్టి నాలుగింటినీ సమం చేయించండి. ఈ ఒక్క పనితో స్లో రన్నింగ్‌లో అద్దాల వణుకు ఎంత తగ్గుతుందో చూస్తారు.

పెట్రోలు ట్యాంకు తుప్పు పట్టి ఉంటే కార్బురేటర్ల కంటే ముందు అది కడగాలి, లేకపోతే పడ్డ కష్టమంతా మొదటి రోజే మళ్లీ మూసుకుపోతుంది. మధ్యలో ఫిల్టర్ కొత్తది పెట్టండి.

బ్రేకులు, క్లచ్చు రెండిట్లోనూ ద్రవమే. గిన్నె మూత మీద రాసిన రకమే పోయాలి, పాతది గోధుమ రంగులోకి తిరిగితే నీళ్లు పీల్చిందని అర్థం. క్లచ్చు లివరు మెత్తగా ఉండి, గేరు వేయగానే బండి ముందుకి దూకుతుంటే కింద ఇంజిన్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ సీలు చూడండి. రబ్బరు బ్రేకు గొట్టాలు నలభై ఏళ్లవి అయ్యుంటాయి, బయటికి బాగానే కనబడినా మార్చేయండి. ఇంత బరువు, ఇంత వేగం ఉన్న బండికి ఇక్కడ పొదుపు చేయకూడదు. ఆ ద్రవం పెయింటు మీద పడితే పొర లేచిపోతుంది కాబట్టి పక్కన తడి గుడ్డ పెట్టుకోండి.

కరెంటు దగ్గర కొంచెం ఆగాలి. ఆ కాలపు జపాన్ బళ్లలో దారి మధ్యలో నిలబెట్టేది ఇంజిన్ కాదు, చార్జింగ్. ముందు ఇంజిన్ ఆపి బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెట్టండి, 12.6 వోల్టుల చుట్టూ ఉండాలి. స్టార్ట్ చేసి 4000 ఆర్‌పీఎం దగ్గర 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. పెరగకపోతే స్టేటర్ (ఇంజిన్‌లో కరెంటు పుట్టించే తీగ చుట్టలు) నుంచి వచ్చే మూడు వైర్ల కనెక్టర్ వెతకండి. నా బండిలో ఆ కనెక్టర్ ప్లాస్టిక్ తేనెరంగుకి తిరిగి, ఒక మూల కరిగి కారి గట్టిపడి ఉంది, లాగితే ఊడలేదు, కత్తిరించాల్సి వచ్చింది. లోపల పిన్ను నల్లగా మాడిపోయి ఉంది. కారణం చాలా చిన్నది. పిన్ను వదులైతే నిరోధం పెరుగుతుంది, వేడి పుడుతుంది, ఆ వేడికి పిన్ను ఇంకా వదులవుతుంది. ఆ వేడి మెల్లగా కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చే రెగ్యులేటర్‌నీ, చివరికి స్టేటర్‌నీ తినేస్తుంది. కనెక్టర్ విడదీసి, ఇంజిన్ నడుస్తుండగా మూడు వైర్లలో రెండేసి చొప్పున మూడు జతలకీ ఏసీ వోల్టేజి చూడండి, మూడుసార్లూ దాదాపు ఒకే అంకె రావాలి. ఇంజిన్ ఆపి ఏ వైరుకీ ఇంజిన్ బాడీకీ మధ్య కనెక్షన్ ఉండకూడదు. ఈ రెండూ సరిగ్గా ఉంటే స్టేటర్ మంచిదే, తప్పు రెగ్యులేటర్‌దో కనెక్టర్‌దో. మూడు వైర్లనీ టంకం పెట్టి నేరుగా కలిపేసి స్లీవ్ వేశాను, మళ్లీ ఆ మాట లేదు.

వెనక చక్రం తీసినప్పుడు షాఫ్ట్ కలిసే చోట పళ్లు చూడండి. రంపపు పళ్లలా సూదిగా అయిపోతే అరిగినట్టే. బాగుంటే పాత ఎండిన గ్రీజు తుడిచి మాలీ (మాలిబ్డినమ్ కలిసిన) పేస్టు పూయండి. చెయిన్ లేదు కదా అని చాలామంది ఏళ్ల తరబడి ఆ చక్రం ముట్టుకోరు, దాంతో మంచి బండి ఒకటి పార్టులకి పోతుంది.

పార్టులు ఎక్కడ వెతకాలి అంటే, మొదట మదురా పేరుతో వెతకడం మానేయండి. పార్టు నంబరుతో వెతకండి. సుజుకీ అదే కాలంలో కావల్కేడ్ అనే 1360 సీసీ వి4 టూరింగ్ బండి కూడా చేసింది, అన్నీ కలవవు, కానీ నంబరు కలిస్తే మాత్రం తీసుకోవచ్చు. స్విచ్చులు, లివర్లు, మాస్టర్ సిలిండర్ సీళ్లు, బ్రేకు ప్యాడ్ల లాంటివి ఇతర సుజుకీలతో కలిసే అవకాశం ఎక్కువ. 700 మోడల్ ముక్క 1200కి వస్తుంది అని ఎవరైనా అంటే నంబరు చూపించమనండి. బాడీ ముక్కలకి ఉన్న ఒకే దారి ఇంకో చెడిపోయిన బండి కొనడం. చోటు ఉంటే కొనేయండి, ఎందుకంటే మళ్లీ ఎప్పుడు కనబడుతుందో చెప్పలేం.

ఇంజిన్ బలం పెంచే పనుల జోలికి పోవద్దు. సైలెన్సర్ మార్చి, గాలి పెట్టె తీసి, విడి ఫిల్టర్లు పెడితే ఈ కార్బురేటర్లు మధ్య ఆర్‌పీఎంలో తడబడతాయి, దాన్ని జెట్టులతో సరిచేయబోతే నెలలు పోతాయి. అదే డబ్బు వెనక షాకులకీ, ఫోర్కు స్ప్రింగులకీ పెట్టండి. ఈ బండికి లేనిది బలం కాదు, ఆ బలాన్ని మోసే నడుము.

మొదటి వంద మైళ్లు ఇంటి చుట్టుపక్కలే తిరగండి, వచ్చిన ప్రతిసారీ కింద అట్ట ముక్క పరిచి ఉంచండి. మర్నాడు పొద్దున ఏ మరక ఎక్కడ పడిందో దాన్ని బట్టి ఏ సీలో తెలుస్తుంది: పచ్చగా ఉంటే కూలెంట్, నల్లగా ఉంటే ఇంజిన్ నూనె, వెనక చక్రం దగ్గర చిక్కగా కంపు కొడితే గేర్ పెట్టె. వంద మైళ్లు అయ్యాక బోల్టులన్నీ మళ్లీ ఒకసారి బిగించి, నూనె ఇంకోసారి మార్చండి, అప్పుడు పొడుగాటి ఖాళీ రోడ్డు చూసుకుని మూడో గేరులో ఒక్కసారి పూర్తిగా తిప్పి చూడండి.